ఒక వార్త, నాలుగు ప్రశ్నలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోటీ పరీక్షల్లో జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజినీరును, కోచింగ్ సెంటర్ నడిపేవాణ్ణి కాను. అయినా ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మన బడిలో చదివిన పిల్లలు ఏటా కొందరు డిగ్రీయో బీటెక్కో పూర్తికాగానే గ్రూప్స్ అనో, సివిల్స్ అనో పెట్టె సర్దుకుంటున్నారు. బ్యాంకు పరీక్షలంటే నంద్యాల, డీఎస్సీ అంటే అవనిగడ్డ, గ్రూప్స్ అంటే హైదరాబాద్ అశోక్‌నగర్. పండక్కి ఊరొచ్చినప్పుడు వాళ్లలో కొందరు నన్ను పలకరిస్తుంటారు. సంచిలో ఎప్పుడూ ఒక బిట్ బ్యాంకు ఉంటుంది. 'ఎలా సాగుతోందిరా చదువు?' అంటే, 'అన్ని సబ్జెక్టులూ ఫరవాలేదు సార్, కరెంట్ అఫైర్సే అంతు చిక్కడం లేదు. ఎంత చదివినా నిలవడం లేదు' అంటారు.

ఎందుకు నిలవడం లేదు? ఈ పూట నేను మాట్లాడేది ఈ ఒక్క ప్రశ్న గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. విడివిడి బిట్లుగా చదివింది నిలవదు. ఒక వార్తను నాలుగు ప్రశ్నలు వేసి చదివితే నిలుస్తుంది. ఆ అలవాటు పట్టాల్సింది ఇరవై మూడేళ్లకు అద్దె గదిలో కాదు, పన్నెండేళ్లకు ఇలాంటి బడిలో.

ఆ నాలుగు ప్రశ్నలు ఇవి: ఎక్కడ? ఎంత? ఎప్పటి నుంచి? ఎవరి అధికారం?

మనందరికీ తెలిసిన వార్తనే తీసుకుందాం. ఏటా జూలై, ఆగస్టు నెలల్లో పేపరు మొదటి పేజీలో వస్తుంది: 'శ్రీశైలానికి లక్ష క్యూసెక్కుల వరద'. బిట్ బ్యాంకులో దీనికి మిగిలేది ఒక్క ముక్క: శ్రీశైలం ప్రాజెక్టు ఏ నదిపై ఉంది? కృష్ణా. అయిపోయింది. ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలు వేసి చూద్దాం.

మొదటిది, ఎక్కడ? గోడ మీద మ్యాపు ముందు నిలబడి వేలు పెట్టి చూపించాలి. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కర్ణాటకలో ఆల్మట్టి, తెలంగాణలోకి వచ్చాక జూరాల, తుంగభద్ర కలిశాక శ్రీశైలం, దాని దిగువన నాగార్జునసాగర్, ఆ తరువాత పులిచింతల, చివర ప్రకాశం బ్యారేజి. ఈ వరస ఒక్కసారి వేలితో గీసినవాడికి ఇంకో సంగతి దానంతట అదే అర్థమవుతుంది. ఆల్మట్టి ఎత్తు పెంచుతామని ఎగువ రాష్ట్రం అన్నప్పుడల్లా దిగువన ఎందుకు ఆందోళన మొదలవుతుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 'కింది ప్రాజెక్టులను ఎగువ నుంచి దిగువకు అమర్చండి' అనే ప్రశ్నకు బట్టీ పట్టనక్కర్లేదు.

రెండోది, ఎంత? ఇది మా ఇంజినీర్ల ప్రశ్న. పిల్లల్ని అడుగుతుంటాను: లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఎన్ని టీఎంసీలు? ఎంటెక్ చదివినవాళ్లు కూడా తల గోక్కుంటారు. లెక్క ఏడో తరగతిది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్షను 86,400తో గుణిస్తే 864 కోట్లు, అంటే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు, వరద వార్త ఏదైనా మన చేతిలో ఉన్నట్టే. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అప్పటి నిల్వ 215.81 టీఎంసీలు. లక్ష క్యూసెక్కులు ఆగకుండా వస్తే ఖాళీ జలాశయం నిండడానికి పాతిక రోజులు పడుతుంది. నాలుగు లక్షలొస్తే వారం కూడా పట్టదు.

ఇదే లెక్కతో 2009 అక్టోబరు మొదటి వారాన్ని చూడండి. కర్నూలు మునిగిన రోజులవి. శ్రీశైలానికి వచ్చిన వరద ఒక దశలో ఇరవై లక్షల క్యూసెక్కులు దాటింది. ఇరవై లక్షలు ఒక రోజంతా వస్తే 172.8 టీఎంసీలు. అంటే అంత పెద్ద జలాశయంలో అయిదింట నాలుగు వంతులు ఒక్క రోజులో నిండిపోతుంది. 'ముందే గేట్లు ఎత్తి ఖాళీ చేయాల్సింది' అనేవారికీ, 'చేయడానికి సమయం ఎక్కడుంది' అనేవారికీ మధ్య వాదన ఏమిటో ఈ అంకె తెలిస్తేనే అర్థమవుతుంది. అంకె తెలియకపోతే వినిపించేది అరుపులే.

ఎంత అనే ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. శ్రీశైలం కట్టినప్పటి నిల్వ 308 టీఎంసీలు. నాగార్జునసాగర్‌ది మొదట 408, ఇప్పుడు 312. మిగతా చోటును పూడిక ఆక్రమించింది. ఒక గైడులో 308, ఇంకో గైడులో 215 కనబడితే పిల్లలు కంగారు పడతారు, ఒకటి తప్పనుకుంటారు. రెండూ ఒప్పే, వాటి సంవత్సరాలు వేరు. ప్రతి అంకెకూ ఒక తేదీ ఉంటుంది. తెలంగాణ ఏర్పడినప్పుడు జిల్లాలు 10, 2016 అక్టోబరులో 31, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. కాబట్టి నోటుబుక్కులో అంకె రాసిన ప్రతిసారీ పక్కన సంవత్సరం రాయాలి. మా వృత్తిలో తేదీ లేని డ్రాయింగును పనికి వాడనివ్వరు. తేదీ లేని అంకెను పరీక్షకు కూడా వాడకూడదు.

మూడోది, ఎప్పటి నుంచి? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. ఇవి బిట్లలోనూ ఉంటాయి. బిట్లలో ఉండనిది వీటి మధ్య ఉన్న వరస. నీటి కోసం రాష్ట్రాల మధ్య తగాదా ముదిరి 1969లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక. కృష్ణలో 75 శాతం నమ్మకంతో దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చారు. 75 శాతం నమ్మకం అంటే వందేళ్లలో డెబ్బై అయిదేళ్లు కనీసం ఇంత నీరు ఉంటుందని అర్థం. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటిని కూడా కలిపాక ఆంధ్రప్రదేశ్ వాటా 811 అయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక ఆ 811ని పంచుకోవాల్సి వచ్చింది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని ఒప్పుకున్నారు. ఆ 'తాత్కాలికం' అన్న మాటలోనే ఈనాటి వార్తలన్నీ ఉన్నాయి. 2004లో ఏర్పడిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కే రెండు రాష్ట్రాల మధ్య పంపకం కూడా చూడమని 2023 అక్టోబరులో కేంద్రం చెప్పింది. చూశారా, 1969 తెలియనివాడికి 2023 వార్త విడిగా నిలబడ్డ ఒక బిట్టు. తెలిసినవాడికి కథలో తరువాతి అధ్యాయం. బిట్టు మరిచిపోతాం, కథ మరిచిపోం.

నాలుగోది, ఎవరి అధికారం? రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం. నదీజలాల వివాదాలను ఎలా తీర్చాలో పార్లమెంటు చట్టం చేయవచ్చని 262వ అధికరణం చెబుతుంది. దాని కింద వచ్చిందే 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం. ట్రిబ్యునళ్లు దాని నుంచే పుట్టాయి. 2014 పునర్విభజన చట్టం 85వ సెక్షను ప్రకారం కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డులు వచ్చాయి. వాటి పరిధిని చెబుతూ 2021 జూలైలో కేంద్ర జలశక్తి శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. ట్రిబ్యునల్ వాటా తేలుస్తుంది, బోర్డు ఆ వాటా అమలు చూస్తుంది. ఈ తేడా తెలియక తప్పు రాసేవాళ్లు చాలామంది. శ్రీశైలం దగ్గర ఎడమగట్టు విద్యుత్ కేంద్రం తెలంగాణది, కుడిగట్టుది ఆంధ్రప్రదేశ్‌ది. ఒకే నీరు కరెంటుకా, సాగుకా, తాగడానికా అన్న తగువులో అధికారం ఎవరిదన్న ప్రశ్న ఎంత కీలకమో అక్కడే కనబడుతుంది.

ఒక్క వార్త. భూగోళం, గణితం, చరిత్ర, రాజ్యాంగం నాలుగూ అందులోనే ఉన్నాయి. ఇలాంటి వార్తలు ఏడాదికి అరవై చదివితే చాలని నా అభిప్రాయం. ఆరు వేల బిట్లు అక్కర్లేదు.

ఇది నీళ్లకే పనికొస్తుందా అంటే, కాదు. రెండు నెలలకొకసారి రిజర్వు బ్యాంకు రెపో రేటు వార్త వస్తుంది. ఎవరి అధికారం? ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీది. ముగ్గురు బ్యాంకు తరఫువారు, ముగ్గురు కేంద్రం నియమించేవారు. ఓట్లు సమానమైతే గవర్నరుకు నిర్ణాయక ఓటు. ఎప్పటి నుంచి? 2016లో చట్టం సవరించాక. అంతకు ముందు నిర్ణయం గవర్నరుదే. మన తెలుగువారు వై.వి. రెడ్డిగారు, దువ్వూరి సుబ్బారావుగారు గవర్నర్లుగా ఉన్న కాలం ఆ పాత పద్ధతిదే. ఎంత? ద్రవ్యోల్బణం లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వరకు ఫరవాలేదు. పావు శాతం అంటే ఎంత? ముప్పై లక్షల ఇంటి అప్పు మీద ఏడాదికి సుమారు 7,500 రూపాయల వడ్డీ తేడా. ఎక్కడ? మీ నాన్నగారి బ్యాంకు పాసుపుస్తకంలో. ఇలా చెబితే తొమ్మిదో తరగతి పిల్లవాడికీ అర్థమవుతుంది.

'అంత లోతుగా చదివితే మార్కులొస్తాయా సార్?' అని పిల్లల అనుమానం. అది న్యాయమైన ప్రశ్నే, లెక్క వేసి చూద్దాం. సివిల్స్ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఏమీ తెలియని 12 ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున 3 ఒప్పవుతాయి, 9 తప్పవుతాయి. వచ్చేది 6 మార్కులు, పోయేది 6 మార్కులు. మిగిలేది సున్నా. అదే, ప్రతి ప్రశ్నలోనూ ఒక జవాబు ఖాయంగా తప్పని తెలుసనుకోండి. 12లో 4 ఒప్పు, 8 తప్పు. వచ్చేది 8, పోయేది సుమారు 5.33. కొంత మిగులుతుంది. అంటే సగం తెలిసినా విలువ ఉంది. కానీ 2023 ప్రిలిమ్స్‌లో చాలా ప్రశ్నలు 'పై వ్యాఖ్యల్లో ఎన్ని సరైనవి: ఒకటా, రెండా, మూడూనా, ఏదీ కాదా' అనే తీరులో వచ్చాయి. అక్కడ ఒక జవాబును కొట్టేసి మిగతావాటిలో ఏరుకునే ఉపాయం పనిచేయదు. ప్రతి వ్యాఖ్యా తెలిసి ఉండాలి. పరీక్ష కూడా బిట్టును వదిలి అవగాహన వైపు నడుస్తోందని దీని అర్థం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మార్కుల కన్నా పెద్దది. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లలోపు 6 అవకాశాలు, బీసీలకు 35 ఏళ్లలోపు 9, ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్లు వచ్చేవరకు ఎన్నయినా. ఏటా ఉన్న ఉద్యోగాలు దాదాపు వెయ్యి, దరఖాస్తులు లక్షల్లో. గ్రూప్స్ సంగతి మీకు తెలిసిందే, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, కోర్టు కేసు ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉదయం సీటు కోసం వరసలో నిలబడే పిల్లల్ని చూస్తే నాకు దిగులు వేస్తుంది. వాళ్ల కష్టం తక్కువ కాదు. కానీ వందలో తొంభై మందికి పైగా ఆ ఉద్యోగం లేకుండానే ఇంటికి తిరిగొస్తారు. ఇది ఎవరి తెలివితక్కువా కాదు, అంకెల నిజం.

అలా ముప్పై ఏళ్లకు ఇంటికొచ్చినవాడి చేతిలో ఏం మిగిలింది అన్నదే నా ప్రశ్న. బిట్లు చదివినవాడి దగ్గర మిగిలేది పాతబడిన పుస్తకాల కట్ట. నాలుగు ప్రశ్నలు వేయడం నేర్చినవాడి దగ్గర ఆ అలవాటు మిగులుతుంది. అతను గ్రామసభలో లేచి, 'ఈ పనికి మంజూరైంది ఎంత, ఎప్పుడు, ఎవరు సంతకం పెట్టారు?' అని అడగగలడు. బ్యాంకులో కాగితం చదివి సంతకం పెడతాడు. ఫోనులో వచ్చిన వార్తను పదిమందికి పంపేముందు 'ఇది ఎప్పటిది?' అని చూస్తాడు. బడిలో పాఠం చెప్పినా, పత్రికలో పనిచేసినా, సొంతంగా దుకాణం పెట్టుకున్నా ఆ చదువు వృథా పోదు. ఉద్యోగం వస్తే ఇంకా మంచిది, అలాంటి అధికారే మనకు కావాలి.

కాబట్టి గురువులకు, సంఘానికి మూడు మనవులు చేసుకుంటాను.

మొదటి మనవి గురువులకు. ప్రార్థన సమయంలో వార్తలు చదివే ఆనవాయితీ మన బడిలో మొదటి నుంచీ ఉంది. దాన్ని కొద్దిగా మార్చండి. పది శీర్షికలు గబగబా చదివించే బదులు, వారానికి ఒక వార్త చాలు. సోమవారం ఒక పిల్లవాడో పిల్లో వార్త చెప్పాలి. శుక్రవారానికల్లా తరగతి అంతా కలిసి నాలుగు ప్రశ్నలకూ జవాబులు వెతకాలి. సాంఘికశాస్త్రం మాస్టారికి సిలబస్ భారం ఎంతో నాకు తెలుసు. అందుకే లెక్కల మాస్టారు 'ఎంత' చూసుకోవాలి, తెలుగు మాస్టారు శీర్షికలో మాటల మెలిక చూసుకోవాలి. 'ఆమోదం', 'సిఫార్సు', 'ప్రతిపాదన' అనే మూడు మాటలకు తేడా తెలిస్తే సగం వార్త అర్థమైనట్టే.

రెండో మనవి సంఘానికి. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా గ్రంథాలయానికి ఇస్తామన్న డబ్బుతో గైడ్లు కొనవద్దు, అవి ఏడాదికే పాతబడతాయి. గోడకు పెద్ద మ్యాపులు మూడు కొనండి: ప్రపంచం, భారతదేశం, రెండు తెలుగు రాష్ట్రాలు. ఒక మంచి అట్లాసు, రాజ్యాంగం తెలుగు ప్రతి, ఆరు నుంచి పది వరకు పాఠ్యపుస్తకాలు రెండేసి సెట్లు, ఒక తెలుగు దినపత్రిక, ఒక ఇంగ్లిషు దినపత్రిక. ఇంతే. పోటీ పరీక్షలో నెగ్గినవాళ్లు చాలామంది పాఠ్యపుస్తకాల దగ్గరే మొదలుపెట్టామంటారు. అవి మన బీరువాల్లోనే ఉన్నాయి.

మూడో మనవి మనందరికీ. ఈ సభలో బ్యాంకు మేనేజర్లున్నారు, నర్సులున్నారు, వకీళ్లున్నారు, రైతులున్నారు, కండక్టర్లున్నారు, విదేశాల నుంచి వచ్చినవారున్నారు. ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క గంట ఇవ్వండి. రెపో రేటు గురించి బ్యాంకు ఉద్యోగి చెబితే, మద్దతు ధర గురించి వరి పండించే మన రైతు చెబితే, టీకాల గురించి నర్సమ్మ చెబితే, వీసా గురించి అమెరికా నుంచి వచ్చినవాడు చెబితే ఏ కోచింగ్ సెంటరూ దానికి సాటిరాదు. పాఠంలో ఉన్న మాటకు ఒక మనిషి ముఖం తోడైతే పిల్లలు జీవితాంతం మరిచిపోరు.

పేర్లు రాసుకోవడానికి కార్యదర్శిగారు ఒక పుస్తకం పెట్టారు. వరదలు మొదలయ్యే జూలై నెలకు నా పేరు ముందే రాసేశాను. లక్ష క్యూసెక్కుల లెక్క పిల్లల చేత బోర్డు మీద వేయిస్తాను. మిగతా నెలలు ఖాళీగా ఉన్నాయి. భోజనాలకు వెళ్లేముందు ఆ పుస్తకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి.